ఆడపిల్లకు ఇంత చోటు: దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థిని, సబ్బవరం)

దుర్గాబాయి గారి పేరు వినని వాళ్ళు మన ఆంధ్రదేశంలో అరుదు. జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఆమెకు ఎప్పుడూ రెండు పంక్తులు ఉంటాయి. రాజ్యాంగ సభ సభ్యురాలు, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలు, పద్మవిభూషణ్ గ్రహీత. పోటీ పరీక్షలకి ఆ రెండు పంక్తులు చాలు. కాని ఆమె మన వాల్తేరులో చదువుకున్న మనిషి అనీ, ఇక్కడ సీటు కంటే ముందు తలదాచుకునే చోటు కోసం తంటాలు పడ్డారనీ మనలో ఎంతమందికి తెలుసు? ఆమె జీవితంలో జైళ్ళున్నాయి, పార్లమెంటు ఉంది, పెద్ద పెద్ద పదవులున్నాయి. నా మటుకు నాకు మాత్రం అన్నిటికీ మూలం వాల్తేరులోని ఆ చిన్న సంగతిలోనే ఉందనిపిస్తుంది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదో ఏట పెళ్ళి చేసేశారు. ఆ రోజుల్లో అది వింత కాదు. పెద్దదై ఊహ తెలిశాక ఆ పిల్ల కాపురానికి వెళ్ళనని చెప్పడం వింత. ఇంట్లో తండ్రీ, తోడబుట్టినవాడూ ఆమె పక్షాన నిలబడడం ఇంకా వింత. ఎవరి మీదా కోపంతో కాదు, తన దారి వేరని తెలిసి ఆ మాట చెప్పారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోవడానికి తన అభ్యంతరం ఏమీ లేదన్నారు. ఈ ముడి ఇక్కడితో తెగిపోలేదు. దాని తరవాయి చివర్లో చెప్తాను.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు ఆమె వయసు పన్నెండేళ్ళ లోపు. ఊళ్ళోని దేవదాసీ స్త్రీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ గాంధీగారి మాట వినాలని ఈ గుంటకు పట్టుదల. అసలు పెద్ద సభకు వాళ్ళెవరూ రాలేరు గదా! నిర్వాహకులు ఐదువేల రూపాయల విరాళం తెస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. పిల్లదాన్ని వదిలించుకోవడానికి అన్నారో ఏమో గాని, ఆ డబ్బు వసూలు చేసి తెచ్చి చూపించింది. గాంధీగారు ఆ కొద్ది నిమిషాలకి వచ్చి చాలాసేపు ఉండిపోయారు. వచ్చిన ఆడవాళ్ళు వంటి మీద నగలు తీసి ఇచ్చారు. ఆ రోజు ఆయన హిందీ మాటల్ని తెలుగులో చెప్పింది కూడా ఆ పిల్లే. 1923 కాకినాడ కాంగ్రెసులో ఖాదీ ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఆపిన కథ అందరికీ తెలిసిందే. దాన్ని ప్రతి పుస్తకంలోనూ రాస్తారు కాబట్టి నేను ఇంతటితో వదిలేస్తున్నాను.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో ముందు వరసలో నిలబడి అరెస్టయ్యారు. 1930కీ 1933కీ నడుమ మూడుసార్లు జైలుకి వెళ్ళారు. వెల్లూరు, తరవాత మదురై. మదురైలో ఒంటరి కొట్టు. ఆ జైళ్ళలో ఆమె చూసిన ఆడ ఖైదీల్లో చాలామందికి చదువు లేదు. తమ మీద మోపిన నేరం ఏమిటో, దానికి ఎంత శిక్షో, తమ తరఫున మాట్లాడే మనిషి ఉండొచ్చనో కూడా తెలియని వాళ్ళున్నారు. ఎవరో చెప్పమన్నది చెప్పి, వేలిముద్ర వేసి, ఏళ్ళ తరబడి లోపల ఉండిపోయిన వాళ్ళు. లాయరు కావాలన్న కోరిక అక్కడ పుట్టింది. కాని లా చదవాలంటే డిగ్రీ కావాలి, డిగ్రీకి ఇంటరు, ఇంటరుకు మెట్రిక్యులేషన్. ఆమె దగ్గర ఒక్కటీ లేదు. చిన్నప్పుడు ఇంగ్లీషు చదువు మీద నిరసనతో బడి మానేసి, హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకు హిందీ పాఠశాల నడిపిన మనిషి. పాతికేళ్ళ వయసు దగ్గర పడ్డాక ఇంగ్లీషు అక్షరాల దగ్గర కూర్చుని, కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషను, దాని తరవాత ఇంటరూ ప్యాసయ్యారు.

ఇప్పుడు వాల్తేరు సంగతి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు మెట్టకి వచ్చింది. దుర్గాబాయి రాజనీతి శాస్త్రంలో బి.ఏ. ఆనర్సు చదవాలని వచ్చేటప్పటికి వైస్‌ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆడదానికి ఈ చదువు ఎందుకు అనే మనిషి కాదాయన. ఊరి చెరువు కోసం ప్రాణం ఇచ్చిన కోడలి కథను ముసలమ్మ మరణము అనే కావ్యంగా రాసిన కవి. ఆయనకు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆడపిల్లలకి హాస్టలు లేదు. హాస్టలు లేకుండా సీటు ఇస్తే ఈ అమ్మాయి ఎక్కడుంటుంది? ఏమైనా జరిగితే జవాబు ఎవరు చెప్తారు?

ఆడపిల్లలు చేరరు కాబట్టి హాస్టలు కట్టలేదు. హాస్టలు లేదు కాబట్టి ఆడపిల్లలు చేరలేదు. విత్తు ముందా చెట్టు ముందా లాంటి ఈ గొడవలో మామూలు మనిషైతే ఏం చేస్తాడు? అర్జీ పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోతాడు. దుర్గాబాయి పత్రికలో ప్రకటన వేయించారు. విశ్వవిద్యాలయంలో చదవాలని ఉండీ ఉండడానికి చోటు లేక ఆగిపోయిన అమ్మాయిలు తనకు ఉత్తరం రాయండి అని. సుమారు పదిమంది రాశారు. అందరూ కలిసి ఒక చోటు చూసుకుని, అదే తమ హాస్టలు అన్నారు. తీసుకెళ్ళి వైస్‌ఛాన్సలరు గారికి చూపిస్తే ఇంక కాదనడానికి ఏముంది? సీట్లు వచ్చాయి.

మిత్రులారా, ఈ సంగతి చదివినప్పుడు నేను ఆ పదిమంది గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. దుర్గాబాయి అప్పటికి ఇరవై ఏడెనిమిదేళ్ళ మనిషి, జైలు చూసి వచ్చింది, దేనికీ జంకదు. మిగతా వాళ్ళ మాట? ఉత్తరం పోస్టులో వేసే ముందు ఎన్నిసార్లు చింపి మళ్ళీ రాసుంటారు? వాళ్ళ ఇళ్ళలో ఎన్ని రాత్రులు పంచాయితీ జరిగుంటుంది? ముక్కూ మొహం తెలియని మనిషి పత్రికలో వేసిన మాట నమ్మి, ట్రంకు పెట్టె సర్దుకుని రైలెక్కడం మాటలు కాదు.

ఇది నాకు పుస్తకంలో విషయంలా అనిపించదు, ఎందుకంటే మా ఇంట్లో జరిగింది. మాది సబ్బవరం. మెట్టలో చెరుకు, పల్లంలో వరి, ఇంటి వెనక రెండు గేదెలు. మా అప్ప ఇంటర్లో నాకంటే మంచి మార్కులు తెచ్చుకుంది. పట్నంలో ఒక కాలేజీలో డిగ్రీ సీటు కూడా వచ్చింది. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. హాస్టల్లో మాత్రం చోటు లేదన్నారు. రోజూ వచ్చి పోదామంటే లాబ్ అయ్యేసరికి సాయంత్రం, పెందుర్తి దాటేసరికి చీకటి, బస్సు దిగి మా ఇంటికి మళ్ళీ నడక. మా నాన్న చదువు వద్దనలేదు. చీకటి వద్దన్నాడు. రెండూ ఒకటే అయ్యాయి. వచ్చే మాఘంలో పెళ్ళి చేసేశారు. నా వంతు వచ్చేటప్పటికి పక్క ఊళ్ళ అమ్మాయిలు ముగ్గురు కలిసొచ్చారు కాబట్టి నలుగురం గది తీసుకున్నాం. ఒక గ్యాసు పొయ్యి, ఒక అద్దం, బాత్‌రూముకి వరస, ఏడు దాటితే గేటుకి తాళం. సెమిస్టరు పరీక్షలప్పుడు ఒక్క బల్బు కింద నలుగురం నాలుగు గోడలకి ఆనుకుని కూర్చుంటాం. అవస్థ పడుతున్నామని కాదు చెప్పడం. ఆ గది లేకపోతే ఈ సావనీరులో నేను రాసే మాటే లేదు.

సరే, మళ్ళీ కథలోకి వద్దాం. 1939లో దుర్గాబాయి ఆనర్సు పట్టా పుచ్చుకున్నారు. లండన్ వెళ్ళి పైచదువు చదివే అవకాశం చేతికి వచ్చింది. అదే ఏడాది రెండో ప్రపంచ యుద్ధం మొదలయింది. ప్రయాణం ఆగిపోయింది. ఆమె మద్రాసు వెళ్ళి లా చదువులో పడ్డారు. ఆ యుద్ధం మన గుమ్మంలోకి రానే వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. పట్నం జనం బళ్ళు కట్టుకుని పల్లెలకి వచ్చేశారని మా ఊళ్ళో ముసలివాళ్ళు తమ పెద్దల దగ్గర విన్నమాటగా ఇప్పటికీ చెప్తారు. విశ్వవిద్యాలయమే కొన్నాళ్ళు గుంటూరుకి తరలిపోయింది.

లండన్ అంటే ఒక నవల గుర్తొస్తోంది. మ్యూరియల్ స్పార్క్ అనే రచయిత్రి రాసింది, 1963లో వచ్చింది. పేరు ది గర్ల్స్ ఆఫ్ స్లెండర్ మీన్స్. చిక్కిన నడుమూ చిక్కిన చేతి డబ్బూ రెండూ ఆ పేరులో ఉన్నాయి. 1945లో యుద్ధం ముగుస్తున్న రోజుల్లో లండన్లో ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిలు ఒక హాస్టలు లాంటి క్లబ్బులో ఉంటారు. రేషను కూపన్లు, చాలీచాలని తిండి. ఖరీదైన గౌను ఒక్కటే ఉంటే విందుకి వెళ్ళాల్సిన అమ్మాయి దాన్ని అరువు తీసుకుని వెళ్తుంది. చివరికి తోటలో పేలకుండా మిగిలిన బాంబు పేలి ఇల్లు అంటుకుంటుంది. సన్నని కిటికీలోంచి పట్టిన వాళ్ళు బయటపడతారు, పట్టని వాళ్ళు లోపల చిక్కుకుంటారు. రచయిత్రి యుద్ధం చివరి రోజుల్లో అలాంటి క్లబ్బులోనే ఉన్నారు. నవల చదువుతున్నంతసేపూ మా గదిలో చున్నీల మార్పిడి గుర్తొచ్చి నవ్వొచ్చింది, చివర్లో మాత్రం నవ్వు రాలేదు. యుద్ధం రాకపోతే దుర్గాబాయి కూడా లండన్లో అలాంటి ఏదో చోట గది తీసుకునేవారేమో! అక్కడి అమ్మాయిలకు రాజవంశీకురాలి పేరుతో ఇల్లు సిద్ధంగా ఉంది. ఇక్కడి పదిమందీ తమ ఇల్లు తామే వెతుక్కోవలసి వచ్చింది. నాకు కనిపించే తేడా అదీ.

వాల్తేరు పాఠం ఆమె మరిచిపోలేదు. ఇక్కడ చదువుతూ ఉండగానే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళాసభకు అంకురం పడింది. మైలాపూరులో చిన్నపిల్లలకి ఆటపాటల సంఘంగా మొదలైంది. పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు, అక్కలు గుమ్మం దగ్గర నిలబడి చూసేవారు. వాళ్ళలో కొందరు తమకూ చదువు చెప్పమన్నారు. తాను ఏ దారిన వచ్చారో అదే దారి చూపించారామె. కాశీ మెట్రిక్యులేషను పరీక్షకు తయారు చేయడం మొదలుపెట్టారు. బడి వయసు దాటిపోయిన ఆడదానికి ఆ రోజుల్లో దగ్గరి దారి అదే. చదువుకోవడానికి వచ్చిన వాళ్ళలో చిన్న వయసులో భర్తపోయిన వాళ్ళు, భర్త వదిలేసిన వాళ్ళు, ఇంట్లో ఇంకో నోటికి అన్నం పెట్టలేని కుటుంబాల పిల్లలు. వాళ్ళకి పాఠం చెప్పి సాయంత్రం ఇంటికి పొమ్మంటే ఏ ఇంటికి పోతారు? కాబట్టి పాఠంతో పాటు హాస్టలు. అన్నం సంపాదించుకోవాలి కాబట్టి హాస్టలుతో పాటు కుట్టుపని, నేత, తరవాత నర్సింగు. యుద్ధం రోజుల్లో, యుద్ధం అయిన తరవాతి కరువు రోజుల్లో బియ్యం రేషను మీద దొరికే కాలంలో అంతమందికి రెండు పూటలా వండి పెట్టడం ఎంత కష్టమో రైతు ఇంట్లో పుట్టిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సంఘసేవ అనగానే ఉపన్యాసం గుర్తొస్తుంది మనకి. నాకు మాత్రం పెద్ద గుండిగలో ఉడికే అన్నం గుర్తొస్తుంది.

1942లో లా పట్టా వచ్చింది. మద్రాసు హైకోర్టులో క్రిమినల్ కేసులు వాదించి మంచి పేరు తెచ్చుకున్నారు. జైల్లో అనుకున్న మాట అలా నెరవేరింది. ఇక్కడొక చిన్న ముచ్చట. ఇప్పుడు మా సబ్బవరంలోనే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, 2008లో ఏర్పడింది. వేరే రాష్ట్రాల ఆడపిల్లలు సూట్‌కేసులతో వచ్చి మా ఊళ్ళో హాస్టల్లో ఉండి లా చదువుకుంటారు. మా అప్ప ఎప్పుడైనా పుట్టింటికి వస్తే ఆ గేటు ముందు నుంచే ఆటోలో వస్తుంది.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలో పదిహేనుమంది స్త్రీలే. సభాపతుల జాబితాలో ఉన్న ఏకైక స్త్రీ ఈవిడే. రాజ్యసభకు నిలబడే వయసు ముప్పై అయిదు ఉండాలన్న చోట ముప్పై చాలని సవరణ తెచ్చిందీ ఆవిడే. హిందూ స్త్రీకి ఆస్తి హక్కు కావాలని గట్టిగా వాదించారు. 1956 చట్టం కూతుళ్ళకు కొంతే ఇచ్చింది. మన రాష్ట్రంలో 1985 నుంచీ, దేశమంతటా 2005 నుంచీ ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. కాగితం మీద వచ్చిందనుకోండి, మా వీధిలో గట్లు మాత్రం ఇంకా అన్నదమ్ముల మధ్యనే పడుతున్నాయి.

1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ఇంత మనిషి ఓడిపోవడమేమిటని మనకి అనిపిస్తుంది గాని, అది ఒకందుకు మంచిదే అయింది. ప్రణాళికా సంఘంలో సభ్యత్వం ఇచ్చారు. అక్కడ ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారితో పరిచయం పెరిగి, 1953 జనవరి 22న వారిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. సాక్షుల్లో ఒకరు నెహ్రూ, కాకినాడలో టిక్కెట్టు అడిగించుకున్న ఆ నెహ్రూయే. అదే ఏడు ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే ఆమె మొదటి అధ్యక్షురాలయ్యారు.

బోర్డు పనిలో నాకు నచ్చిన భాగం ఒకటుంది. పల్లెలకి గ్రామసేవికలు కావాలి, మంత్రసానులకు బదులు శిక్షణ పొందిన నర్సులు కావాలి, పంతులమ్మలు కావాలి. ప్రణాళికలో డబ్బుంది, ఉద్యోగాలున్నాయి. చేరడానికి చదువుకున్న ఆడవాళ్ళు లేరు. పల్లెలో చదువు మధ్యలో మానేసిన ఆడవాళ్ళు మాత్రం కావలసినంత మంది ఉన్నారు. అందుకని 1958లో కండెన్సుడు కోర్సులు పెట్టారు. ఇరవై నుంచి ముప్పై అయిదేళ్ళ లోపు స్త్రీలకు ఏళ్ళ తరబడి చదువును రెండు మూడేళ్ళలో కుదించి చెప్పి పరీక్షకు పంపడం. చాలాచోట్ల వాళ్ళని హాస్టల్లోనే ఉంచి చదివించారు. మైలాపూరులో చేసిన పనినే దేశమంతటికీ పెద్దది చేశారన్నమాట.

స్త్రీ విద్య మీద జాతీయ సంఘానికి కూడా ఆమెనే అధ్యక్షురాలిగా వేశారు. 1959లో నివేదిక ఇచ్చారు. అందులో పాఠ్యప్రణాళికలూ, నిధులూ ఉన్నాయి, వాటితో పాటు ఆడపిల్లలకి హాస్టళ్ళు, పల్లెలో పనిచేసే పంతులమ్మలకు క్వార్టర్లు కావాలన్న మాట కూడా ఉంది. పంతులమ్మకి ఊళ్ళో ఇల్లెందుకు అని పట్నంలో కూర్చున్న వాళ్ళకి అనిపించొచ్చు. ఊరు కాని ఊళ్ళో ఒంటరి ఆడదానికి అద్దెకి ఇల్లిచ్చే వాళ్ళు ఎవరు? ఇచ్చినా నాలుగు రోజులకి వచ్చే మాటలు ఎవరు పడతారు? ఆ ఉద్యోగం వదిలి పోతే బడి మూతపడుతుంది, బడి మూతపడితే మళ్ళీ ఆడపిల్లలు ఇంట్లో. ఈ లంకె ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. వాల్తేరులో ఒకసారి పడ్డారు కాబట్టి.

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గర మహిళాసభకు ఇంకో పెద్ద ప్రాంగణం వెలిసింది. కాలేజీలు, ఆసుపత్రి, శిక్షణ కేంద్రాలు. 1975లో భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి పద్మవిభూషణ్ వచ్చింది. తమ జీవితకథ కూడా రాసుకున్నారు, దానికి చింతామణీ నేనూ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

మొదట్లో వదిలేసిన ముడి ఒకటుంది కదా. చిన్నప్పటి ఆ భర్త 1941లో చనిపోయారు. ఆయన రెండో భార్య ఒంటరిదైంది. ఎవరూ అడగకుండానే దుర్గాబాయి ఆమెను దగ్గర పెట్టుకున్నారు. మహిళాసభలో పని నేర్పించారు. ఆవిడ తరవాత హైదరాబాదులో చేతిపనులు నేర్పే ఉపాధ్యాయురాలిగా ఉద్యోగం చేసుకుని బతికారు. ఈ సంగతి నేను మా గదిలో పిల్లలకి చెప్తే ఒకమ్మాయి నమ్మలేదు, ఇంకొకమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

దుర్గాబాయి 1981 మే 9న కన్నుమూశారు. మరుసటి ఏడు దేశ్‌ముఖ్ గారూ వెళ్ళిపోయారు. 2018లో ఢిల్లీ మెట్రో కొత్త లైను వేసినప్పుడు విశ్వవిద్యాలయం సౌత్ క్యాంపస్ దగ్గరి స్టేషనుకి ఆమె పేరు పెట్టారు. రైల్లో ఆ స్టేషను వచ్చినప్పుడల్లా ఆ పేరు పిలుస్తారు, కాలేజీ పిల్లలు పుస్తకాల సంచీలతో దిగుతారు.